చలికాలంలో కొత్త రోజా తోట: తొలి మూడు నెలలే ఆయువుపట్టు

కార్తీకం దాటి వానలు తెరిపివ్వగానే రోజా మొక్కల కోసం రైతులు నర్సరీల చుట్టూ తిరగడం మొదలవుతుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో, అంటే కుప్పం, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె వైపు ఇరవై సెంట్లలోనో అరెకరంలోనో పూలతోట పెట్టుకుని ఇల్లు గడుపుకుంటున్న చిన్న రైతులు చాలామంది ఉన్నారు. టమోటా ధర పడిపోయి చేతులు కాలిన ఏడు, రోజా వైపు చూసేవారు మరింత పెరుగుతారు. రోజూ కాకున్నా రోజు విడిచి రోజు నాలుగు పూలు తెంపితే చేతిలో డబ్బు ఆడుతుందన్నది వారి ఆశ. అది తప్పు ఆశ కాదు.

అయితే చలికాలంలో నాటిన కొత్త మొక్కల్లో చాలావాటికి మే నెల దాటే యోగం ఉండడం లేదు. ఎండ చంపేసిందని రైతు అనుకుంటాడు. నిజానికి ఆ మొక్కకు చావు రాసిపెట్టింది చలికాలంలోనే. గుంతలో నీళ్లు నిలిచి వేరు కుళ్లిపోవడం, అంటు మట్టిలోకి దిగిపోవడం, వేరు పట్టకముందే సంక్రాంతి పూల కోసం మొగ్గలు వదిలేయడం, ఈ మూడింట్లో ఏదో ఒకటి జరిగి ఉంటుంది. వేరు లోతుకు దిగని మొక్క మొదటి ఎండకే వాడిపోతుంది. అందుకే నాటిన నాటినుంచి తొలి మూడు నెలలు ఏం చేయాలో, ఏం చేయకూడదో ముందే తెలుసుకుని దిగడం మంచిది.

ఎప్పుడు నాటాలి?

చలికాలం అనగానే జిల్లా అంతటికీ ఒకే లెక్క పనికిరాదు. తిరుపతి, శ్రీకాళహస్తి, పుత్తూరు, సత్యవేడు వంటి తూర్పు మండలాలకు ఈశాన్య రుతుపవనాల వాన ఎక్కువ. 2021 నవంబరు మూడో వారంలో తిరుపతి చుట్టుపక్కల కురిసిన కుండపోతను, 2023 డిసెంబరు మొదటి వారంలో వచ్చిన మిచౌంగ్ తుపానును చూసినవారికి వేరే చెప్పనక్కర లేదు. నవంబరులో తొందరపడి నాటితే మొక్క వారం రోజులు బురదలో నిలబడాల్సి రావచ్చు. కాబట్టి తూర్పు వైపు రైతులు జ్యేష్ఠ కార్తె సగం దాటాక, అంటే డిసెంబరు రెండో వారం నుంచి నాటుకోవాలి. గుంతలు మాత్రం ముందే తవ్వి ఉంచుకోవచ్చు.

పడమటి మండలాలు ఎత్తైన నేలలు. రాత్రి చలి ఎక్కువ, వాన తక్కువ. అక్కడ అనూరాధ కార్తెలో, నవంబరు ఆఖరు వారం నుంచే నాటుకోవచ్చు. ఎక్కడైనా సరే సంక్రాంతి దాటితే మాత్రం ఆలస్యమైనట్టే. ఫిబ్రవరి చివర ఎండ ముదిరేలోగా వేరు పట్టడానికి కనీసం ఏడెనిమిది వారాలు ఉండాలి. ఆ వ్యవధి లేనప్పుడు డబ్బు పోసి మొక్కలు కొనడం కంటే వచ్చే ఏడు దాకా ఆగడమే మేలు.

ఏ రకం? ఎలాంటి మొక్క?

విడిపూలకు, దండలకు పన్నీరు రోజా మనకు అనాదిగా తెలిసిందే. దీన్నే ఎడ్వర్డ్ రోజా అంటారు. వాసన బాగా ఉంటుంది, కొమ్మ నాటినా బతుకుతుంది. కానీ రేకులు త్వరగా రాలతాయి, దూరపు మార్కెట్టుకు నిలవదు. తిరుపతికో, పక్క పట్టణానికో తెల్లవారేసరికి చేర్చగలిగినవారికి ఇది అనుకూలం. ఎర్ర రకాల్లో మిరాబుల్, ఆంధ్ర రెడ్ వంటివి కోలారు, చిక్కబళ్లాపురం, కృష్ణగిరి, వేలూరు వైపు బాగా సాగవుతున్నాయి. ఇవి బెంగళూరు కె.ఆర్. మార్కెట్టుకో, చెన్నై కోయంబేడుకో పంపేవారికి పనికొస్తాయి. పొడుగు కాడతో అమ్మే పాలీహౌస్ రకాలను ఆరుబయట ఇరవై సెంట్లలో నాటి బాగుపడదామనుకోవడం మాత్రం మంచిది కాదు. వాటి పెట్టుబడి వేరు, సాగు పద్ధతి వేరు.

మొక్క కొనేటప్పుడు పూవు చూసి కొనవద్దు. వేరు చూసి కొనాలి. సంచి అడుగున తెల్లటి సన్న వేళ్లు కనపడాలి. వేళ్లు నల్లబడి సంచిలో చుట్టలు చుట్టుకుని ఉంటే అది ముదిరిన మొక్క. అంటు కట్టినచోట ప్లాస్టిక్ రిబ్బను ఇంకా బిగిసి ఉంటే దాన్ని విప్పేయించాలి. లేకుంటే కాండం లావెక్కేకొద్దీ ఉరి పడినట్టు అవుతుంది. అంటు పైనుంచి పెన్సిలు లావున రెండు మూడు కొమ్మలున్న మొక్కే ఎంచుకోవాలి. నాలుగు మొగ్గలు వేసుకుని ముద్దొచ్చే మొక్కను పక్కన పెట్టినా నష్టం లేదు.

గుంత లెక్క, ఎరువు లెక్క

రోజాకు నీరు ఇంకిపోయే ఎర్ర గరప నేలలు మేలు. చౌడు నేలలు, ఉప్పునీటి బోర్లు ఉన్నచోట పెట్టవద్దు. నేల సంగతి తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఒకటుంది. ఒక గుంత తవ్వి నిండా నీళ్లు పోయండి. మరునాటికి కూడా నీళ్లు నిలిచి ఉంటే అక్కడ రోజా బతకదు. తప్పదనుకుంటే జానెడు ఎత్తున కట్టలు పోసి కట్ట మీద నాటాలి. తూర్పు మండలాల్లో నేల ఎలాంటిదైనా ఈ కట్టల పద్ధతే క్షేమం.

వరుసకూ వరుసకూ 2 మీటర్లు, మొక్కకూ మొక్కకూ 1 మీటరు దూరం ఉంచితే ఎకరాకు సుమారు 2,000, ఇరవై సెంట్లకు 400 మొక్కలు పడతాయి. ఇంకా దగ్గరగా నాటితే మొదటి ఏడాది బాగానే ఉంటుంది కానీ, రెండో ఏటి నుంచి గాలి ఆడక తెగుళ్లు పెరుగుతాయి, ముళ్ల మధ్య మనిషి దూరి పూలు కోయడం కష్టమవుతుంది.

గుంత 45 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు ఉండాలి. పైమట్టి ఒక పక్క, అడుగుమట్టి ఒక పక్క వేసి పది రోజులు ఎండనివ్వాలి. తర్వాత పైమట్టిలో 10 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపాలి. ట్రైకోడెర్మా విరిడి పొడి దొరికితే ఎరువు కుప్పలో ముందే కలిపి, తడి చల్లి, గోనె కప్పి వారం పదిరోజులు మాగనిస్తే వేరుకుళ్లు తగ్గుతుంది. ఇరవై సెంట్లకు 4 టన్నుల ఎరువు కావాలి. అంత లేనివారు మొక్కలు తగ్గించుకోవాలే గానీ ఎరువు తగ్గించకూడదు. పచ్చి పేడ వేస్తే చెదలు పడతాయి, వేరు ఉడికిపోతుంది. నాటేటప్పుడు యూరియా, డీఏపీ గుంతలో వేయనే వద్దు.

పాత పుస్తకాల్లో చెదలకు గుంతలో లిండేన్ పొడి చల్లమని ఉంటుంది. దాని వాడకం మన దేశంలో 2013 నుంచి నిషేధం. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లోనే ఆపించింది. ఎక్కడైనా పాత డబ్బా మిగిలి ఉంటే తోట దగ్గరికి రానివ్వకండి.

నాటే తీరు

సాయంత్రం పూట నాటాలి. ముందుగా సంచిని బక్కెట్టు నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచి ఉంచాలి. దూరం నుంచి వచ్చే కొన్ని మొక్కల వేళ్ల చుట్టూ జిగట బంకమట్టి ముద్ద ఉంటుంది. దాన్ని అలాగే మన ఎర్రమట్టిలో పెడితే పోసిన నీళ్లు ముద్ద పక్కనుంచే దిగిపోతాయి. చుట్టూ తడిగా ఉన్నా లోపల వేరు ఎండుతూనే ఉంటుంది. అలాంటి ముద్దను నానబెట్టి, అంచుల్లో మట్టిని వేళ్లు తెగకుండా మెల్లగా వదులు చేసి నాటుకోవాలి. మామూలు మట్టి ఉన్న సంచినైతే బ్లేడుతో కోసి, ముద్ద చెదరకుండా దించాలి. సంచితోనే పాతిపెట్టే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. అది మానుకోవాలి.

అంటు కట్టిన చోటు నేలకు రెండంగుళాలు పైన ఉండేలా చూసుకోవాలి. చలిదేశాల్లో మంచు నుంచి కాపాడుకోవడానికి అంటును మట్టిలోకి దించి నాటుతారు. మనకు మంచు గడ్డకట్టే బాధ లేదు. మన దగ్గర అంటు మట్టిలోకి దిగితే ఆ చోట కుళ్లు పట్టుకుంటుంది. నాటిన తర్వాత మట్టి కుంగుతుంది కాబట్టి ఆ కుంగుడు కూడా లెక్కలో పెట్టుకుని కాస్త ఎత్తుగానే నాటాలి. చుట్టూ కాలితో కాకుండా చేత్తో అదిమి, చిన్న కర్ర పాతి, మొక్కను వదులుగా కట్టి, వెంటనే నీళ్లు పోయాలి. నాటిన రోజున విరిగిన, ఎండిన పుల్లలను మాత్రమే కత్తిరించాలి. పచ్చి కొమ్మల జోలికి పోవద్దు. వేరు పెరగడానికి తిండి పెట్టేది ఆ ఆకులే.

మొగ్గ తుంచడానికి గుండె నిబ్బరం కావాలి

నాటిన మూడు వారాలకే మొగ్గలు వేస్తాయి. అప్పటికి ధనుర్మాసం, వైకుంఠ ఏకాదశి, సంక్రాంతి ముందుంటాయి. కళ్ల ముందు పూవు కనపడుతుంటే తుంచి పారేయమంటే ఏ రైతుకైనా మనసొప్పదు. కానీ లెక్క వేసి చూడండి. నాలుగు వందల లేత మొక్కల నుంచి రోజు విడిచి రోజు రెండు వందల పూలు వచ్చాయనుకున్నా కిలో తూగితే గొప్ప. కోత, బస్సు ఖర్చు, మండీ కమీషను పోను చేతికి మిగిలేది ఏమీ ఉండదు. ఆ పూవుకు పోయిన శక్తి వేరుకు పోయి ఉంటే మొక్క మేలో నిలబడేది. నాలుగైదేళ్లు కాసే మొక్కను ఒక్క పండుగ పూవుకు తాకట్టు పెట్టవద్దు.

అందుకే నాటిన నాటినుంచి మూడు నెలలు బఠాణీ గింజ సైజులో ఉండగానే మొగ్గలను గోటితో గిల్లేయాలి. వారానికోసారి ఇంటిల్లిపాదీ ఒక గంట తిరిగితే ఇరవై సెంట్లు అయిపోతుంది. గిల్లినచోట కింది కణుపుల నుంచి కొత్త కొమ్మలు వస్తాయి. పొద గుబురు కడుతుంది. ఇలా చేస్తే నవంబరు ఆఖరున నాటిన తోట ఫిబ్రవరి చివరకు, డిసెంబరు మధ్యలో నాటింది ఉగాదికి ముందు పూలకు సిద్ధమవుతుంది. ధనుర్మాసంలో పెళ్లిళ్లు ఉండవు. మాఘ, ఫాల్గుణాల్లో ముహూర్తాలు మళ్లీ మొదలవుతాయి. అంటే మొగ్గ గిల్లినవారికి తొలి కోత పెళ్లిళ్లకో ఉగాదికో అందుతుంది.

మరి ఈ మూడు నెలలు ఇంట్లోకి ఏం వస్తుంది అంటారా? వరుసల మధ్య 2 మీటర్ల జాగా ఖాళీగా ఉంటుంది. కొత్తిమీర, మెంతికూర, ముల్లంగి వేసుకోవచ్చు. కొత్తిమీర నలభై, నలభై అయిదు రోజుల్లో కోతకు వస్తుంది. మొక్క పాదుకు మూరెడు దూరం మాత్రం వదలాలి. టమోటా, వంకాయ, మిరప వేయవద్దు. నల్లి, తామర పురుగులు వాటి మీద పెరిగి రోజా మీదకు ఎక్కుతాయి.

దొంగ కొమ్మను గుర్తుపట్టండి

అంటు మొక్కల్లో కింది భాగం అడవి రకం. అంటు కింద నుంచి ఏపుగా, నున్నగా, పొడుగ్గా ఒక కొమ్మ లేస్తే రైతు సంతోషిస్తాడు. అది దొంగ కొమ్మ. దాన్ని ఉంచితే పైనున్న మంచి రకాన్ని తినేసి, రెండేళ్లకు తోటంతా పనికిరాని పూలు పూస్తుంది. ఏడు ఆకులుంటే అడవి కొమ్మ, అయిదుంటే మంచి కొమ్మ అని చెబుతుంటారు. ఆ లెక్క అన్నిసార్లూ నిలవదు. ఆకులు లెక్కపెట్టడం కాదు, కొమ్మ ఎక్కడ పుట్టిందో చూడాలి. అంటు కింద పుట్టింది ఏదైనా తీసేయాల్సిందే. కత్తెరతో కోస్తే మళ్లీ నాలుగు లేస్తాయి. మట్టి తప్పించి, పుట్టినచోటు దాకా పోయి, కిందికి లాగి పీకేయాలి. కొమ్మ నాటి పెంచిన పన్నీరు రోజాకు ఈ బెడద లేదు. దాని అడుగు నుంచి వచ్చేదీ అసలు రకమే.

నీరు, కప్పు

చలికాలంలో రోజాను చంపేది ఎక్కువ నీరే. రోజు విడిచి రోజు మొక్కకు రెండు మూడు లీటర్లు చాలు. పాదులో నాలుగు వేళ్ల లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కి చూడండి. ముద్ద కడితే ఆ రోజు నీళ్లు వద్దు. పొడిపొడిగా రాలితే కట్టాలి. మార్చి నుంచి రోజూ నాలుగైదు లీటర్లు, ఎండ ముదిరాక ఆ పైన కావాలి. అప్పటికి బోరు ఎన్ని గంటలు పోస్తుందో ఇప్పుడే లెక్క చూసుకుని దానికి తగ్గట్టు మొక్కల సంఖ్య ఖాయం చేసుకోవాలి. నీళ్లు చల్లేటప్పుడు ఆకుల మీద పడకూడదు. సాయంత్రం తడిసిన ఆకు తెల్లారేదాకా ఆరదు. నల్ల మచ్చ తెగులుకు కావలసింది అదే.

డ్రిప్పు పెట్టుకునేవారికి 2003 నుంచి సూక్ష్మ సేద్యం పథకం కింద రాయితీ అందుతోంది. రాయితీ శాతం ప్రభుత్వ ఉత్తర్వులను బట్టి మారుతుంది కనుక మీ రైతు సేవా కేంద్రంలో, 2024 దాకా రైతు భరోసా కేంద్రం అని పిలిచినచోటే, ఉద్యాన సహాయకుణ్ని అడిగి దరఖాస్తు చేసుకోవాలి.

జనవరి నెలాఖరుకల్లా పాదుల్లో చెనిక్కాయ పొట్టు, చెరకు ఆకు, ఎండుగడ్డి ఏది దొరికితే అది మూడంగుళాల మందాన పరచాలి. కాండానికి నాలుగు వేళ్ల దూరం వదలాలి. చెదలున్న చేలల్లో పొట్టు కింద గుప్పెడు వేపపిండి చల్లాలి. తూర్పు మండలాల్లో మే ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పడమర గట్టున ఇప్పుడే వరుసగా అవిశె గింజలు వేస్తే మూడు నాలుగు నెలలకు పొద్దువాలు ఎండను కాస్తాయి, ఆకు మేకలకు మేత అవుతుంది.

చలికాలపు తెగుళ్లు, పురుగులు

బూడిద తెగులు: రాత్రి మంచు, పగలు పొడి ఎండ ఉన్న డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా దీని కాలం. లేత ఆకులు ముడుచుకుని తెల్లటి పొడి పట్టినట్టు కనపడతాయి. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి చల్లటి పూట పిచికారీ చేయాలి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

నల్ల మచ్చ: వానలు, ముసురు ఉన్నప్పుడు ఆకులపై నల్లటి గుండ్రటి మచ్చలు పడి, ఆకు పసుపెక్కి రాలుతుంది. రాలిన ఆకులను ఏరి కాల్చేయాలి. మందు కంటే ఇదే ముఖ్యం. మాంకోజెబ్ లీటరుకు 2 నుంచి 2.5 గ్రాములు పది రోజుల తేడాతో రెండుసార్లు కొట్టాలి.

కొమ్మ ఎండు: కత్తిరించిన కొన నుంచి కొమ్మ నల్లబడుతూ కిందికి దిగుతుంది. పచ్చి భాగం లోపలికి రెండంగుళాలు కోసి, కోతకు బోర్డో పేస్టు పూయాలి. 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం విడివిడిగా అరలీటరు నీళ్లలో ప్లాస్టిక్ గిన్నెల్లో కలిపి, రెండూ ఒకచోట పోసుకుంటే పేస్టు తయారవుతుంది. ఒక మొక్క కోశాక కత్తెరను తుడిచి రెండో మొక్కకు పోవాలి.

పేనుబంక, తామర పురుగులు: చలిలో పేనుబంక లేత కొనలకు పడుతుంది. ఎండ మొదలవగానే తామర పురుగులు మొగ్గలో దూరి రేకుల అంచులు మాడుస్తాయి. వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు నీళ్లు కలిపి మొదట్లోనే కొడితే చాలావరకు అదుపులో ఉంటాయి. నీలం రంగు జిగురు అట్టలు తామర పురుగులకు పెట్టాలి. అప్పటికీ మించితే ఫిప్రోనిల్ లీటరుకు 2 మిల్లీలీటర్లు వాడవచ్చు.

ఏ మందైనా పూలు కోశాక సాయంత్రమే కొట్టాలి. మన పూవు దేవుడి మెడలోకో ఆడబిడ్డ తలలోకో పోతుంది. మందు వాసనతో మార్కెట్టుకు పంపకూడదు.

ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది తెగులు కాదు, సున్నం ఎక్కువున్న నేలల్లో వచ్చే ఇనుప ధాతు లోపం. అన్నభేది లీటరుకు 5 గ్రాములు, ఒక నిమ్మకాయ రసం కలిపి వారం తేడాతో రెండుసార్లు చల్లితే కోలుకుంటుంది.

ఎరువు ఎప్పుడు?

నాటిన నెలన్నర దాకా ఏమీ వద్దు. కొత్త చిగుర్లు జానెడు పెరిగాక మొక్కకు రెండు గుప్పెళ్ల వానపాముల ఎరువు వేసి మట్టి కప్పాలి. రసాయనిక ఎరువులు వేసేవారు మొదటి కత్తిరింపు తర్వాత, అంటే వచ్చే అక్టోబరు తర్వాత, మొక్కకు 10 కిలోల పశువుల ఎరువుతో పాటు యూరియా 13 గ్రాములు, సూపర్ ఫాస్ఫేటు 75 గ్రాములు, పొటాష్ 20 గ్రాములు వేసుకోవాలి. మళ్లీ జూలైలో ఇంతే. ఆ కత్తిరింపులో నిరుడు పెరిగిన కొమ్మలను సగానికి కోయాలి. కోసిన 45 రోజులకు అటూ ఇటుగా పూలు మొదలవుతాయి కాబట్టి, ఏ పండుగకు పూలు కావాలో చూసుకుని అంతకు నెలన్నర ముందు కత్తెర పట్టాలి.

తిరుమలలో కార్తీక మాసంలో జరిగే పుష్పయాగం 1980లో మళ్లీ మొదలైంది. టన్నుల కొద్దీ పూలు ఆ ఒక్కరోజే వాడతారు. చుట్టూ ఇన్ని గుళ్లు, ఇన్ని ముహూర్తాలు, రెండు పక్కలా బెంగళూరు, చెన్నై ఉన్న మన రైతుకు పూలకు గిరాకీ లేదన్న దిగులు అక్కరలేదు. కాకుంటే ధర ఒక్కరోజులో లేస్తుంది, ఒక్కరోజులో పడుతుంది. ఆ ఎత్తుపల్లాలు తట్టుకోవాలంటే చేలో మొక్క బతికి ఉండాలి. అప్పు చేసి ఎకరం నాటడం కంటే ఉన్న నీళ్లకు, ఇంట్లో ఉన్న చేతులకు సరిపడా పది, ఇరవై సెంట్లు నాటి, ఈ చలికాలం మొగ్గ గిల్లుతూ కాపాడుకుంటే వచ్చే చలికాలానికి ఆ తోటే దారి చూపుతుంది.